ఆదాయం తగ్గిన ఏడాదిలో రుణ వాయిదాలు: రైతు కుటుంబ చెల్లింపు సామర్థ్యం, విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

సారాంశం

పంట ఆదాయం అనిశ్చితం, రుణ వాయిదా నిశ్చితం. ఈ రెండింటి మధ్య ఉన్న వైరుధ్యమే వ్యవసాయ రుణగ్రస్తతకు ఒక ప్రధాన మూలం. దిగుబడి తగ్గిన సంవత్సరంలో రైతు కుటుంబం చెల్లింపు సామర్థ్యం దిగుబడి కంటే వేగంగా ఎందుకు పడిపోతుందో ఈ వ్యాసం ఒక ఉదాహరణ లెక్కతో వివరిస్తుంది. పంట రుణాలు, సూక్ష్మ రుణాలు, ప్రైవేటు అప్పులు అనే మూడు రకాల బాకీలలో నిబంధనలు కల్పిస్తున్న వెసులుబాట్లను, వాటి పరిమితులను పరిశీలిస్తుంది. ఏ బాకీని ముందు చెల్లించాలో నిర్ణయించుకొనే పద్ధతిని, విస్తరణ సిబ్బంది చేయదగిన సాయాన్ని సూచిస్తుంది.

ఉపోద్ఘాతం

జాతీయ నమూనా సర్వే 77వ విడత (2019) ప్రకారం దేశంలో 50.2 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. ఒక్కొక్క వ్యవసాయ కుటుంబంపై ఉన్న సగటు అప్పు దేశంలో రూ.74,121 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో రూ.2,45,554, తెలంగాణలో రూ.1,52,113. అంటే మన రెండు రాష్ట్రాల్లో అప్పు అనేది కొందరు రైతుల ప్రత్యేక పరిస్థితి కాదు, సేద్యం సాగే సాధారణ పద్ధతి.

అప్పు ఉండటమే ఆపద కాదు. పెట్టుబడికి అప్పు తెచ్చి, పంట అమ్మి తీర్చి, మళ్లీ తెచ్చుకోవడం సేద్యంలో సహజం. వర్షం ముఖం చాటేసినా, గులాబీ రంగు పురుగు కాయను తొలిచినా, కోత సమయంలో తుపాను వచ్చినా ఆదాయం తగ్గుతుంది, వాయిదా మాత్రం తగ్గదు. ఆపద అక్కడ మొదలవుతుంది. ఆ సంవత్సరంలో కుటుంబం తీసుకొనే నిర్ణయాలే తరువాతి ఐదారేళ్ల స్థితిని నిర్ణయిస్తాయి. పాడి పశువును అమ్మడం, హెచ్చు వడ్డీకి అప్పు తెచ్చి తక్కువ వడ్డీ బాకీ తీర్చడం, పిల్లల చదువు మాన్పించడం వంటివి ఆ ఏడాది గండాన్ని దాటించినా, మరుసటి ఏడాది సంపాదించే శక్తిని హరిస్తాయి. ఎరువు మోతాదు, పురుగు మందు పిచికారీ గురించి సలహా ఇచ్చే శాస్త్రవేత్తకు ఈ విషయంపై కూడా కనీస పరిజ్ఞానం ఉండటం అవసరం. ఎందుకంటే రైతు మన సిఫారసును అమలు చేయగలడా లేదా అన్నది తరచు ఆయన వాయిదా తేదీపై ఆధారపడి ఉంటుంది.

చెల్లింపు సామర్థ్యం: ఒక లెక్క

వ్యవసాయ అర్థశాస్త్ర విద్యార్థులకు రుణ యోగ్యతను నిర్ణయించే మూడు అంశాలు సుపరిచితమే. అవి పెట్టుబడిపై ప్రతిఫలం, తిరిగి చెల్లించే సామర్థ్యం, నష్టాన్ని భరించే శక్తి. వీటిలో రెండవది స్థూల ఆదాయం నుంచి సాగు ఖర్చులు, కుటుంబ పోషణ వ్యయం, పన్నులు, ఇతర బాకీలు తీసివేయగా మిగిలేది. పంట రుణంతోనే సాగు ఖర్చు భరించినప్పుడు ఆ ఖర్చును మళ్లీ తీసివేయనక్కరలేదు. లేకుంటే ఒకే వ్యయాన్ని రెండుసార్లు లెక్కించినట్లవుతుంది.

నాలుగు ఎకరాల్లో వర్షాధారంగా పత్తి సాగు చేస్తున్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఎకరాకు 8 క్వింటాళ్ల దిగుబడి, క్వింటాలుకు రూ.7,000 ధర వస్తే పత్తిపై రూ.2,24,000 లభిస్తుంది. పాడిపై నికరంగా రూ.48,000, కూలి పనుల ద్వారా రూ.30,000 కలిపితే మొత్తం రూ.3,02,000. కుటుంబ పోషణకు రూ.1,08,000 పోగా చెల్లింపు సామర్థ్యం రూ.1,94,000. ఈ కుటుంబం బ్యాంకు నుంచి రూ.1,50,000 పంట రుణం 7 శాతం వడ్డీకి తీసుకొన్నదనుకుంటే ఏడాది చివర చెల్లించవలసినది రూ.1,60,500. సూక్ష్మ రుణ సంస్థకు నెలకు రూ.2,500 చొప్పున ఏడాదికి రూ.30,000. మొత్తం బాకీ రూ.1,90,500. మంచి సంవత్సరంలో సైతం మిగులు రూ.3,500 మాత్రమే.

ఇప్పుడు దిగుబడి ఎకరాకు 4 క్వింటాళ్లకు పడిపోయిందనుకుందాం. ధర, పాడి, కూలి ఆదాయాలు మారలేదు. మొత్తం ఆదాయం రూ.1,90,000 అవుతుంది. పోషణ వ్యయం పోగా చెల్లింపు సామర్థ్యం రూ.82,000. బాకీ మాత్రం రూ.1,90,500 గానే నిలిచి ఉంది. లోటు రూ.1,08,500.

ఈ లెక్కలో గమనించవలసినది ఒకటుంది. దిగుబడి 50 శాతం తగ్గితే మొత్తం ఆదాయం 37 శాతం తగ్గింది, చెల్లింపు సామర్థ్యం మాత్రం 58 శాతం తగ్గింది. పోషణ వ్యయం స్థిరంగా ఉండటమే దీనికి కారణం. పోషణ వ్యయాన్ని కుదించి వాయిదా కట్టమని కుటుంబాన్ని ఒత్తిడి చేయడం సులభమే. కానీ నెలకు రూ.9,000తో గడిచే ఇంటిలో అందుకు అవకాశం బహు స్వల్పం. పూర్తిగా పస్తులున్నా లోటు తీరదు. కనుక ఇటువంటి ఏడాది సమస్యకు పొదుపు ఒక్కటే పరిష్కారం కాజాలదు. వాయిదాల నిర్మాణాన్నే మార్చుకోవలసి ఉంటుంది.

వాయిదా పద్ధతులు: బిగుతు, సడలింపు

పాఠ్యగ్రంథాలు తిరుగు చెల్లింపు పద్ధతులను ఆరు విధాలుగా వర్గీకరిస్తాయి. గడువు తీరాక అసలు మొత్తాన్ని ఒకేసారి చెల్లించేది ఏకమొత్తపు పద్ధతి. అసలు సమానంగా, వడ్డీ తగ్గుతూ ఉండేది తగ్గుదల వాయిదాల పద్ధతి. అసలు, వడ్డీ కలిపి ప్రతి వాయిదా సమానంగా ఉండేది సమ వాయిదాల పద్ధతి. మంచి పంట వచ్చిన ఏడు ఎక్కువ, పంట పోయిన ఏడు తక్కువ కట్టేది చర చెల్లింపు పద్ధతి. నిర్ణీత వాయిదాకు అదనంగా ఎప్పుడైనా అసలులో కొంత చెల్లించే వీలున్నది ఐచ్ఛిక పద్ధతి. మంచి సంవత్సరాల్లో ముందస్తుగా కొంత జమ చేసి, చెడు సంవత్సరాల్లో దానినే వాయిదాగా వాడుకొనేది నిల్వ పద్ధతి.

వర్షాధార సేద్యానికి చివరి మూడు పద్ధతులే అనువైనవి. ఆచరణలో మొదటి మూడే ఎక్కువ. పంట రుణం దాదాపు ఏకమొత్తపు చెల్లింపు, ట్రాక్టరు రుణం, సూక్ష్మ రుణం సమ వాయిదాలు. రుణదాతకు లెక్క సులభం కావడం, చెల్లించగలిగీ చెల్లించని వారిని గుర్తించడం తేలిక కావడం ఇందుకు కారణాలు. ఈ రెండవ కారణాన్ని తేలికగా కొట్టిపారవేయలేము. ఫీల్డ్, పాండే ప్రభృతులు కోల్‌కతాలో సూక్ష్మ రుణాలు తీసుకొన్న మహిళలపై జరిపి 2013లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి వాయిదాకు రెండు వారాలకు బదులు రెండు నెలల వ్యవధి ఇచ్చినప్పుడు వ్యాపార పెట్టుబడి, దీర్ఘకాలిక లాభం పెరిగాయి. దానితోపాటు ఎగవేతలు కూడా పెరిగాయి. సడలింపు రుణగ్రహీతకు మేలు చేస్తుంది, రుణదాతకు కొంత భారం మోపుతుంది. ఆ భారాన్ని ఎవరు, ఎంతమేరకు భరించాలన్నదే రుణ నిబంధనల వెనుక ఉన్న అసలు ప్రశ్న.

పంట రుణం: గడువులోపల, గడువు తరువాత

ఆర్.వి. గుప్తా సంఘం సిఫారసు మేరకు 1998లో ప్రారంభమైన కిసాన్ క్రెడిట్ కార్డు నేడు పంట రుణానికి ప్రధాన సాధనం. రూ.3 లక్షల వరకు 7 శాతం వడ్డీ వర్తిస్తుంది. సకాలంలో చెల్లించిన వారికి 3 శాతం ప్రోత్సాహకం లభించి నికర వడ్డీ 4 శాతానికి తగ్గుతుంది. పై ఉదాహరణలోని రూ.1,50,000 రుణంపై వడ్డీ రూ.10,500 కాగా ప్రోత్సాహకం రూ.4,500. నికర భారం రూ.6,000 మాత్రమే. ఇంత చౌకైన అప్పు రైతుకు మరెక్కడా దొరకదు.

గడువు దాటిన మరుక్షణం ఈ ప్రోత్సాహకం పోతుంది. ఆపై బ్యాంకు సాధారణ వడ్డీ రేటు అమలులోకి వస్తుంది. అయితే గడువు మీరిన ఖాతా వెంటనే నిరర్థక ఆస్తిగా మారదు. స్వల్పకాలిక పంటల విషయంలో అసలు లేదా వడ్డీ రెండు పంట కాలాల పాటు, దీర్ఘకాలిక పంటల విషయంలో ఒక పంట కాలం పాటు బకాయి పడినప్పుడే ఆ వర్గీకరణ జరుగుతుంది. పంట కాలాన్ని రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితి నిర్ణయిస్తుంది. అంటే గడువు తేదీకీ, నిరర్థక ముద్రకూ మధ్య కొంత వ్యవధి ఉన్నది. బ్యాంకుతో మాట్లాడవలసిన కాలం అదే. చాలామంది రైతులు ఈ వ్యవధిని మొహం చాటేయడంలో వృథా చేస్తారు.

మరికొన్ని రక్షణలు కూడా తెలిసి ఉండాలి. సన్న, చిన్నకారు రైతుల స్వల్పకాలిక రుణాలపై వేసే మొత్తం వడ్డీ అసలును మించరాదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని ఆ చట్టపు వేలం అధికారం నుంచి మినహాయించింది. కోర్టు డిక్రీ పొందిన రుణదాత సైతం రైతు నివసించే ఇంటిని, జీవనానికి అవసరమైన సేద్యపు పనిముట్లను, పశువులను, విత్తన ధాన్యాన్ని సాధారణంగా జప్తు చేయజాలడని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతున్నది. ఇంటినే తనఖా పెట్టినప్పుడు మాత్రం ఈ రక్షణపై ఆధారపడలేము.

విపత్తు వేళ రుణ పునర్వ్యవస్థీకరణ

ప్రకృతి వైపరీత్యాలు సంభవించిన ప్రాంతాల్లో బ్యాంకులు అనుసరించవలసిన పద్ధతిని నిర్దేశిస్తూ భారత రిజర్వు బ్యాంకు 2018 అక్టోబరులో సమగ్ర ఆదేశాలు వెలువరించింది. వీటిని ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు గనుక తాజా పాఠాన్ని లీడ్ బ్యాంకు కార్యాలయంలో సరిచూసుకోవాలి. ఆ ఆదేశాల్లోని ముఖ్యాంశాలు ఇవి.

పంట నష్టం 33 శాతం, అంతకు మించి ఉన్నప్పుడు స్వల్పకాలిక రుణాన్ని, ఆ ఏడాది చెల్లించవలసిన వడ్డీతో కలిపి, కాలపరిమితి రుణంగా మార్చవచ్చు. నష్టం 33 నుంచి 50 శాతం మధ్య ఉంటే గరిష్ఠంగా రెండేళ్లు, 50 శాతం, ఆపైన ఉంటే గరిష్ఠంగా ఐదేళ్ల గడువు లభిస్తుంది. కనీసం ఒక సంవత్సరం మారటోరియం ఇవ్వాలి. ఈ ప్రక్రియను విపత్తు ప్రకటించిన తేదీ నుంచి మూడు నెలల్లో పూర్తి చేయాలి. మార్చిన రుణాన్ని బకాయిగా కాక ప్రస్తుత చెల్లింపుగా పరిగణిస్తారు. రైతుకు మరుసటి పంటకు కొత్త రుణం కూడా అందుతుంది.

మన ఉదాహరణలోని కుటుంబానికి ఇది ఎలా ఉపకరిస్తుందో చూద్దాం. దిగుబడి నష్టం 50 శాతం. రూ.1,60,500 మొత్తం ఐదేళ్ల రుణంగా మారుతుంది. ఆ ఏడాది చెల్లించవలసినది సూక్ష్మ రుణం రూ.30,000 మాత్రమే. రూ.82,000 సామర్థ్యంలో రూ.52,000 చేతిలో మిగిలి తదుపరి సాగుకు ఆసరా అవుతుంది. లోటు రూ.1,08,500 ఉన్న చోట మిగులు కనబడుతుంది.

అయితే ఇది ఉచితం కాదు. మొదటి ఏడాది 7 శాతం రాయితీ వడ్డీ వర్తిస్తుంది, రెండవ ఏడాది నుంచి సాధారణ రేటు పడుతుంది. లెక్క కోసం ఆ రేటును 9 శాతంగా తీసుకొని, మొదటి ఏడాది వడ్డీ మాత్రమే కట్టి తరువాతి నాలుగేళ్లలో అసలును సమానంగా చెల్లిస్తే రెండవ ఏడాది వాయిదా రూ.54,570, ఐదవ ఏడాది రూ.43,736 అవుతుంది. ఐదేళ్లలో మొత్తం వడ్డీ దాదాపు రూ.47,348. దీనికి తోడు ప్రతి ఏడూ కొత్త పంట రుణపు చెల్లింపు ఉంటుంది. మంచి ఏడాదిలోనే రూ.3,500 మిగిలే కుటుంబం ఏటా మరో రూ.50,000 ఎక్కడి నుంచి తేగలదన్న ప్రశ్నను రుణ మార్పిడి నాడే వేసుకోవాలి. జవాబు పంట మార్పిడిలోనో, అదనపు పాడి పశువులోనో, సూక్ష్మ రుణం ముగింపులోనో వెతకాలి. పునర్వ్యవస్థీకరణ వ్యవధిని ఇస్తుంది, ఆదాయాన్ని ఇవ్వదు.

ఈ వెసులుబాటుకు మూడు పరిమితులున్నాయి. మొదటిది, ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని విపత్తు పీడితంగా ప్రకటించాలి. ఒక రైతు పొలంలో పంట పూర్తిగా పోయినా మండలం జాబితాలో లేకపోతే ఈ నిబంధనలు వర్తించవు. అప్పుడు బ్యాంకు తన సొంత విధానం మేరకు వ్యక్తిగతంగా గడువు పెంచవచ్చునేమో గాని, ఆస్తుల వర్గీకరణలో పై రక్షణ సాధారణంగా ఉండదు. రెండవది, విపత్తు సంభవించే నాటికే గడువు మీరి ఉన్న రుణాలు ఈ మార్పిడికి అర్హం కావు. మూడవది, రుణం ఎవరి పేరున ఉంటే వెసులుబాటు వారికే. భూయజమాని పేరున పంట రుణం, కౌలుదారు పేరున ప్రైవేటు అప్పు ఉన్న చోట పంట కోల్పోయినది కౌలుదారు, గడువు పొందినది యజమాని అవుతాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే 11 నెలల సాగు హక్కు పత్రం, రెండు రాష్ట్రాల్లోనూ ఏర్పడే సంయుక్త బాధ్యతా బృందాలు ఈ లోపాన్ని కొంతవరకు సరిదిద్దే సాధనాలు.

రెండవ పరిమితికి రుణమాఫీతో సంబంధం ఉంది. మాఫీ వస్తుందన్న ఆశతో చెల్లింపు ఆపిన రైతు 3 శాతం ప్రోత్సాహకాన్ని కోల్పోవడమే కాక, ఆ తరువాత కరవు వస్తే పునర్వ్యవస్థీకరణ అర్హతను కూడా కోల్పోతాడు. 2014 తరువాత రెండు రాష్ట్రాల్లోనూ మాఫీ సొమ్ము విడతలవారీగా అందింది. విడతల మధ్య కాలంలో వడ్డీ పెరుగుతూనే ఉన్నది. ప్రభుత్వ ప్రకటన రుణ గడువును దానంతట అది పొడిగించదని రైతులకు స్పష్టంగా చెప్పాలి.

చేబదులుతో తిరగరాయడం

గడువు సమీపించినప్పుడు పది రోజులకు చేబదులు తెచ్చి బ్యాంకు బాకీ కట్టి, రుణాన్ని తిరగరాయించుకొని ఆ సొమ్ముతో చేబదులు తీర్చడం మన గ్రామాల్లో విస్తృతంగా ఉన్న పద్ధతి. దీనిని పూర్తిగా తప్పుపట్టలేము, గుడ్డిగా సమర్థించనూ లేము. లెక్క చూడాలి. రూ.1,60,500 పై నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు రూ.4,815. పది రోజులకు రూ.1,605. దక్కే ప్రోత్సాహకం రూ.4,500 గనుక లాభమే. కానీ బ్యాంకులో జాప్యం జరిగి చేబదులు 28 రోజులు దాటితే ఆ ప్రోత్సాహకం మొత్తం వడ్డీకే పోతుంది. రెండు మూడు నెలలు నిలిచిపోతే చౌక అప్పు స్థానంలో ఖరీదైన అప్పు వచ్చి కూర్చుంటుంది. కనుక తిరగరాసే తేదీని, కావలసిన పత్రాలను బ్యాంకు మేనేజరుతో ముందే ఖరారు చేసుకొన్న తరువాతనే చేబదులుకు వెళ్లాలి. విపత్తు ప్రకటన వెలువడే అవకాశం ఉన్న ఏడాదిలో ఈ పద్ధతికి తొందరపడరాదు. బాకీ కట్టివేసిన ఖాతాకు మార్పిడి అవసరం లేదనే భావన ఏర్పడుతుంది, ప్రైవేటు అప్పుకు ఏ మార్పిడీ ఉండదు.

సూక్ష్మ రుణాలు

వారపు, నెలవారీ వాయిదాల సూక్ష్మ రుణాలు పంట ఆదాయంతో పొసగవు. పాలు, కూలి, చిల్లర వ్యాపారం వంటి నిత్య ఆదాయాలకే అవి తగినవి. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ఇంటిపై అనేక సంస్థల రుణాలు పేరుకొని, వసూలు ఒత్తిడిపై తీవ్ర ఆరోపణలు రాగా, ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. చెల్లింపులు ఒక్కసారిగా నిలిచిపోయాయి. ఆ అనుభవం తరువాత మాలెగాం సంఘం నివేదిక, క్రమంగా కొత్త నియంత్రణలు వచ్చాయి.

2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం సంవత్సరాదాయం రూ.3 లక్షలలోపు ఉన్న కుటుంబానికి హామీ లేకుండా ఇచ్చే రుణం సూక్ష్మ రుణం. కుటుంబపు అన్ని రుణాల నెలవారీ చెల్లింపు నెలసరి ఆదాయంలో 50 శాతం మించరాదు. ముందుగా తీర్చివేస్తే జరిమానా ఉండరాదు. చెల్లింపు ఎన్నాళ్లకొకసారి అన్నది రుణగ్రహీత అవసరాన్ని బట్టి నిర్ణయించే వీలు కల్పించాలి. చెల్లింపులో ఇబ్బంది పడుతున్న వారిని గుర్తించి, వారితో సంప్రదించి, వారికున్న మార్గాలను తెలిపే యంత్రాంగం ప్రతి సంస్థలోనూ ఉండాలి.

ఇక్కడ ఒక లోపాన్ని గమనించాలి. 50 శాతం పరిమితిని రుణం ఇచ్చేనాడు చూస్తారు, ఆదాయం పడిపోయిననాడు కాదు. నెలకు రూ.20,000 ఆదాయంపై రూ.10,000 వాయిదా నిబంధనకు లోబడినదే. ఆదాయం రూ.12,000కు తగ్గితే అదే వాయిదా ఆదాయంలో 83 శాతం అవుతుంది. దానంతట అది తగ్గే ఏర్పాటు లేదు. రుణగ్రహీతే వ్రాతపూర్వకంగా అడగాలి. అడిగేటప్పుడు తగ్గిన ఆదాయపు వివరం, ప్రస్తుతం కట్టగల మొత్తం, పూర్వపు వాయిదాకు తిరిగి రాగల నెల అనే మూడు విషయాలను స్పష్టంగా పేర్కొంటే అంగీకారానికి అవకాశం పెరుగుతుంది. ఒక సంస్థ వాయిదా కోసం మరొక సంస్థలో రుణం తీసుకోవడం మాత్రం ప్రమాదకరం.

వసూలు పద్ధతిపైనా పరిమితులున్నాయి. ఉభయులు నిర్ణయించుకొన్న చోటనే వసూలు జరగాలి. వరుసగా రెండుసార్లు లేదా అంతకు మించి అక్కడికి రానప్పుడే సిబ్బంది ఇంటికో పనిచోటికో వెళ్లవచ్చు. బెదిరింపు, దుర్భాష, ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తరువాత ఫోన్లు చేయడం, బంధుమిత్రులను వేధించడం, పేర్లు బహిరంగంగా ప్రకటించడం నిషిద్ధం. ఉల్లంఘన జరిగితే ముందు ఆ సంస్థకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కారం లభించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

ప్రైవేటు అప్పులు

వడ్డీ వ్యాపారి, ఎరువుల దుకాణం, కమీషన్ ఏజెంటు వద్ద చేసే అప్పులకు వాయిదా పట్టిక ఉండదు. పంట చేతికి రాగానే మొత్తం జమ కావాలన్నదే షరతు. ధర నిర్ణయించే వ్యక్తి, అప్పు ఇచ్చిన వ్యక్తి ఒక్కరే అయినప్పుడు రైతు రెండు వైపులా నష్టపోతాడు. ఇటువంటి అప్పులో కాగితమే రక్షణ. ఖాళీ ప్రామిసరీ నోటుపై, ఖాళీ చెక్కుపై సంతకం చేయరాదు. చెల్లించిన ప్రతి మొత్తాన్ని నోటు వెనుక తేదీతో చెల్లు వేయించుకోవాలి. ప్రామిసరీ నోటుపై దావాకు సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. సంతకంతో కూడిన చెల్లు లేదా బాకీ అంగీకార పత్రం ఆ పరిమితిని తిరిగి ప్రారంభిస్తుంది. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు, సివిల్ వివాదం మాత్రమే. చెక్కు చెల్లకపోతే మాత్రం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు రావచ్చు. నోటీసు అందిన 15 రోజులలో చెల్లింపు జరగాలి గనుక నోటీసును పక్కన పడవేయరాదు.

అధిక వడ్డీ ఒప్పందాలను న్యాయస్థానం తిరగతోడే అధికారం 1918 నాటి చట్టం నుంచే ఉంది. మద్రాసు రాష్ట్రంలో 1938లో, ఆంధ్రప్రదేశ్‌లో 1977లో రైతు రుణ విముక్తి చట్టాలు వచ్చాయి. తెలంగాణ 2016లో చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి కోసం రుణ విముక్తి కమిషన్ చట్టం చేసింది. పరస్పర అంగీకారంతో పరిష్కారానికి లోక్ అదాలత్ ఖర్చు లేని మార్గం.

ఏ బాకీ ముందు?

సొమ్ము చాలనప్పుడు రైతు కుటుంబాలు సాధారణంగా గట్టిగా అడిగినవారికి ముందు చెల్లిస్తాయి. గట్టిగా అడగడం బాకీ ప్రాముఖ్యానికి కొలమానం కాదు. ఈ క్రమం మేలు.

1. తిండి గింజలు, మందులు, పిల్లల చదువు, పశువుల మేత, మరుసటి పంట విత్తనం.
2. చెల్లించకపోతే ఆస్తి చేజారే బాకీలు. వేలం నోటీసు వచ్చిన కుదువ బంగారం, విక్రయ ఒప్పందం రూపంలో భూమి పత్రాలు ఉంచిన అప్పు వంటివి.
3. కొద్ది మొత్తంతో పెద్ద ప్రయోజనం నిలిచే బాకీలు. గడువు ఇంకా మీరని పంట రుణం వంటివి.
4. మిగిలిన వాటిలో హెచ్చు వడ్డీ గలవి.
5. గడువు పెంపునకు అవకాశమున్న సంస్థాగత బాకీలు. వీటిని చెల్లించక వదిలివేయడం కాక, దరఖాస్తు చేసి గడువు పొందాలి.

ఈ జాబితాను భార్యాభర్తలిద్దరూ కూర్చొని తయారు చేయడం అవసరం. డ్వాక్రా, సూక్ష్మ రుణాలు స్త్రీ పేరున, పంట రుణం, నోట్లు పురుషుని పేరున ఉన్న ఇళ్లలో ఒకరి బాకీ మరొకరికి పూర్తిగా తెలియకపోవడం తరచు కనిపిస్తుంది. లెక్క ఒకేచోట చేరనిదే క్రమం ఏర్పడదు.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగినవి

ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు రుణదాతలు కావు, న్యాయస్థానాలు కావు. అయినా వాటి చేతిలో కొన్ని పనులున్నాయి. పంట నష్టం జరిగిన వెంటనే రైతు తేదీతో కూడిన ఫొటోలు, నమోదు పత్రాలు భద్రపరచుకొనేలా చూడాలి. ప్రధానమంత్రి ఫసల్ బీమా వర్తించే చోట స్థానిక విపత్తు నష్టాన్ని 72 గంటల్లో తెలియజేయాలన్న నియమాన్ని విత్తే సమయంలోనే చెప్పాలి. విపత్తు ప్రకటన వెలువడ్డాక మూడు నెలల గడువు ముగిసేలోగా రైతులు బ్యాంకులో దరఖాస్తు చేసేలా లీడ్ బ్యాంకు మేనేజరుతో కలిసి గ్రామ సమావేశం ఏర్పాటు చేయవచ్చు.

సాంకేతిక సిఫారసులోనూ రుణాన్ని పరిగణనలోకి తీసుకోవాలి. వాయిదాల ఒత్తిడిలో ఉన్న రైతుకు గరిష్ఠ దిగుబడి కంటే కనిష్ఠ నష్టం ముఖ్యం. పత్తిలో కంది అంతరపంట, భూసార పరీక్షను బట్టి ఎరువుల తగ్గింపు, కొద్ది విస్తీర్ణంలో కూరగాయలు, పాడి వంటివి లాభాన్ని అమాంతం పెంచకపోయినా నగదు రాకను పలు నెలలకు పంచుతాయి. నెలవారీ వాయిదా ఉన్న ఇంటికి నెలవారీ రాబడి కావాలి. విద్యార్థులు గ్రామీణ అనుభవ శిక్షణలో పది కుటుంబాలకైనా నెలవారీ రాబడి, బాకీల పట్టిక తయారు చేస్తే, చెల్లింపు సామర్థ్యం అనే పాఠం వారికీ, ఆ కుటుంబాలకూ అర్థమవుతుంది.

చివరిది అతి ముఖ్యమైనది. బాకీల మాట వచ్చినప్పుడు మౌనం వహించడం, జనంలోకి రాకపోవడం, ఉన్నట్టుండి పత్రాలు సర్ది అప్పగించడం వంటివి గమనిస్తే ఉపన్యాసం మాని కూర్చొని వినాలి, ఒంటరిగా వదలరాదు. టెలి-మానస్ ఉచిత సేవ 14416 సంఖ్యపై అందుబాటులో ఉంది. దాని వెంబడే, ఆ వారంలో ఏ బాకీపై ఎవరిని కలవాలో నిర్ణయించి తోడు వెళ్లడం కూడా చికిత్సలో భాగమే.

ముగింపు

రుణ ఒప్పందం బిగుతుగా ఉన్నప్పుడు ఆదాయంలోని ప్రతి తగ్గుదలా కుటుంబంపై రెట్టింపు బరువుతో పడుతుంది. నిబంధనలలో సడలింపులు ఉన్నాయి. కానీ అవి అడిగినవారికి, గడువులోపల అడిగినవారికి, ఖాతా సక్రమంగా ఉన్నవారికి మాత్రమే దక్కుతున్నాయి. కౌలుదారులు, ప్రకటిత మండలాల వెలుపలి రైతులు, ప్రైవేటు అప్పులపై ఆధారపడినవారు ఇంకా వీటికి దూరంగానే ఉన్నారు. వారికి వర్తించేలా చర చెల్లింపు, నిల్వ చెల్లింపు పద్ధతులను వర్షాధార ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా పరీక్షించడం వ్యవసాయ అర్థశాస్త్ర పరిశోధనకు తగిన అంశం. అంతవరకు, పంట పోయిన వారంలోనే రైతు బ్యాంకు గడప తొక్కేలా చూడటం విస్తరణ సిబ్బంది చేయగల అత్యంత ప్రయోజనకరమైన సాయం.